లక్ష్మీనారాయణ గారి బోణీ

ఏలూరు పవర్‌పేటలో లక్ష్మీనారాయణ గారి కొట్టుకు కొర్రల కోసం వచ్చేవాళ్ళు రెండు రకాలు. షుగరున్నవాళ్ళు, పిట్టలున్నవాళ్ళు. షుగరున్నవాళ్ళు మొహం చిన్నబుచ్చుకుని అడుగుతారు. పిట్టలున్నవాళ్ళు హుషారుగా అడుగుతారు. మొదటివాళ్ళకు ఆయన మాట్లాడకుండా పొట్లం కట్టి ఇస్తారు. రెండోవాళ్ళు దొరికితే మాత్రం ఒక పట్టాన వదలరు. "లవ్ బర్డ్సాండీ? ఎన్ని జతలు? పంజరం ఎండలో పెట్టారా, నీడలోనా? సముద్రపు నురుగు ముక్క వేలాడదీశారా? అది గీరుకోకపోతే ముక్కు పెరిగిపోతుందండీ" అని మొదలుపెట్టారంటే, వెనక పంచదార కోసం నిలబడ్డవాళ్ళు పక్క కొట్టుకు పోవలసిందే.

ఈ విద్య ఆయన ఎక్కడా నేర్చుకోలేదు. పదిహేనేళ్ళ కిందట ఎవరో ఊరెళ్తూ నాలుగు లవ్ బర్డ్స్‌ని పంజరంతో సహా కొట్టులో పెట్టి వెళ్ళారు. "రెండు రోజులేనండీ" అన్న మనుషులు రెండు నెలలకు తిరిగొచ్చారు. ఈలోగా ఆ నాలుగూ తొమ్మిదయ్యాయి. వాటిని అప్పగించేటప్పుడు ఈయన ఆడపిల్లను అత్తారింటికి పంపినంత పని చేశారని భార్య పరమేశ్వరి ఇప్పటికీ ఏడిపిస్తుంది. ఆ మర్నాడే మేస్త్రీని పిలిచి మేడ మీద జాలీ గది కట్టించారు. అప్పటినుంచి ఊళ్ళో ఎవరు యాత్రలకు వెళ్ళినా వాళ్ళ పిట్టలు ఈయన మేడ మీదే విడిది. గదికి రెండు తలుపులు. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. రెక్కలు కత్తిరించెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే ఆయనకు ఎక్కడలేని కోపం వస్తుంది. "మీ చెప్పులు దాచేసి, ఇంట్లో హాయిగా కూర్చోండి అంటే కూర్చుంటారాండీ?" అంటారు. ఒకసారి ఒకాయన రామచిలక పిల్లను తెస్తే, దాన్ని పెంచడం నేరమని చెప్పి, తనే స్కూటరు మీద అటవీశాఖ ఆఫీసుకు తీసుకెళ్ళి అప్పగించి వచ్చారు.

అలాంటి మనిషి దగ్గరికి మొన్న ఎండాకాలం పింకీ వచ్చింది. పింకీ కాకటీల్ పక్షి. బూడిదరంగు ఒళ్ళు, పసుప్పచ్చని జుట్టు, బుగ్గల మీద కాషాయం బొట్లు. వట్లూరులో ఒక్కరే ఉంటున్న విక్టోరియా టీచరుగారిది. ఆవిడ బళ్ళో ముప్పైయేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. శుక్లాల ఆపరేషన్ చేయించుకోవాలి. కాకటీల్ ఒంటినుంచి పొడి రాలుతుంది కాబట్టి నెల రోజులు దాన్ని దగ్గర ఉంచుకోవద్దన్నాడు డాక్టరు.

"నా ఇంట్లో నాతో మాట్లాడేది ఇదొక్కటేనండీ" అంది ఆవిడ పంజరం అప్పగిస్తూ. "ఏమన్నా అయితే ఇంకోటి కొనుక్కోవచ్చు కదా అని మాత్రం అనకండి."

"ఎంత మాటండీ!" అన్నారు లక్ష్మీనారాయణ గారు.

వారం తిరక్కుండా పింకీ ఆయన ఈలకు భుజం మీద వాలడం నేర్చింది. నేర్చిందని ఆయన అనుకున్నారు. రోజూ పొద్దున్నే బోణీ కాగానే మేడెక్కి, తలుపు దగ్గర ఒక ఈల వేసేవారు. పింకీ అప్పటికే జాలీకి అతుక్కుని గెంతుతూ ఉండేది. లోపలికి అడుగు పెట్టగానే ఎగిరొచ్చి వాలేది. ఇక చూడండి ఆయన డాబు! కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకూ ఆ ఈల వేసి వినిపించారు.

నెల నిండింది. టీచరుగారు గురువారం వస్తానన్నారు. బుధవారం సాయంత్రం గుండుగొలను నుంచి నరసరాజు గారు బియ్యం కోసం వచ్చారు. ఆయనా ఈయనా చిన్నప్పుడు ఒకే బెంచీ. ఆయనకు కొల్లేరు వైపు చేపల చెరువులున్నాయి. "రాజుగారూ, మీకో వింత చూపిస్తానుండండి" అని లక్ష్మీనారాయణ గారు మేడెక్కి, పింకీని భుజం మీద ఎక్కించుకుని, రెండు తలుపులూ దాటి, ఏకంగా కొట్టు ముందుకు వచ్చేశారు. భుజం మీద పిట్టతో ఊరేగింపు ఒక్కటే తక్కువ.

పింకీ కొత్తమనిషిని చూడాలని ముందుకు వంగి, రెక్క విదిల్చింది. అంతే. నరసరాజు గారి చేతులు వాటంతటవే లేచాయి. ముప్పైయేళ్ళుగా చెరువు గట్టున చేపల మీదకొచ్చే కొంగల్నీ, నీటికాకుల్నీ తోలిన చేతులవి. ఫటఫటా చప్పట్లు కొట్టి "హోయ్! హోయ్!" అని అరిచారు. పింకీ గుండె ఆగినంత పనై ఎగిరి ఎదురింటి వాటర్ ట్యాంకు మీద పడింది.

"అయ్యబాబోయ్, ఎంత పని చేశానండీ!" అన్నారు రాజుగారు, తన చేతుల్ని తనే తిట్టుకుంటూ. లక్ష్మీనారాయణ గారు అప్పటికే ఎదురింటి ముందుకు పరిగెత్తారు. చీకటి పడేదాకా ఈల వేస్తూనే ఉన్నారు. పెదవులు ఎండిపోయాయి. పింకీ అటువైపు తిరిగి ఈకలు దువ్వుకుంది.

తెల్లవారేసరికి పింకీ ట్యాంకు మీదే ఉంది. కానీ దాని చుట్టూ కాకులు చేరుతున్నాయి. లక్ష్మీనారాయణ గారు కొట్టు తెరవకుండా, మొహం కూడా కడుక్కోకుండా మేడ మీద నిలబడి మళ్ళీ ఈల అందుకున్నారు. పదింటికల్లా టీచరుగారు వస్తారు. ఆవిడకు ఏమని చెప్పాలి?

"ఏవండీ" అంది పరమేశ్వరి కింద వాకిట్లోంచి. "అది మీకేసి చూడట్లేదండీ. కొట్టుకేసి చూస్తోంది."

నిజమే. పింకీ జుట్టు నిక్కబొడుచుకుని మూసిన షట్టరు వైపే చూస్తోంది.

"అది మీ ఈలకి ఎప్పుడొచ్చిందండీ? మీరు బోణీ సోల కొట్టగానే పైన గెంతడం మొదలెడుతుంది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మీ ఉత్సాహం చూసి చెప్పలేకపోయాను."

లక్ష్మీనారాయణ గారు నోరు తెరిచారు. కొట్టులో తూకమంతా ఇప్పుడు మిషను మీదే. తండ్రి వాడిన ఇత్తడి సోల మాత్రం రోజూ ఒక్కసారి, మొదటి బేరానికి బయటికి వస్తుంది. దాంట్లో గింజలు నింపి, బల్ల మీద మూడుసార్లు కొట్టి, కళ్ళకద్దుకుని కొన్నవాళ్ళ సంచిలో పోస్తారు. అడుగున గుప్పెడు గింజలు మిగిల్చి మేడ మీదికి తీసుకెళ్తారు. పిట్టలకు ఆ పూట మొదటి మేత అదే. అంటే ఇన్నాళ్ళూ ఆయన నేర్పిన చదువు ఒకటి, పింకీ నేర్చుకున్నది ఇంకొకటి!

ఒక్క ఉదుటున కిందికొచ్చి షట్టరెత్తారు. సోల తీశారు. తీసి ఆగిపోయారు.

"కొట్టండీ!" అంది పరమేశ్వరి.

"కొన్నవాళ్ళు లేకుండా బోణీ ఎలా కొట్టనే?"

"నేను కొంటానండీ!"

"ఇంట్లోవాళ్ళది బోణీ ఎలా అవుతుంది?"

కాకులు మీదికొస్తుంటే కూడా ఆయన పట్టు అది. పరమేశ్వరి తల కొట్టుకోబోతుండగా నరసరాజు గారి మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. కంటిమీద కునుకు లేక, తెల్లవారుతూనే బయల్దేరి వచ్చేశారాయన.

"రాజుగారూ, కొర్రలు కొనండి!" అంది పరమేశ్వరి.

"నాకు షుగర్ లేదండీ" అన్నారు ఆయన తెల్లబోయి.

"లేకపోయినా కొనండి! సంచి రెండు చేతుల్తో పట్టుకోండి. ఏం జరిగినా చేతులు వదలకండి!"

ఆయన జేబులో చేతికందిన నోటు బల్ల మీద పెట్టి, సంచి తెరిచి పట్టుకున్నారు. లక్ష్మీనారాయణ గారు సోల నిండా కొర్రలు ముంచి, బల్ల మీద కొట్టారు. ఒకటి. రెండు. మూడు.

పింకీ కాకుల మధ్యనుంచి రివ్వున దూకింది. రోడ్డు దాటి, కరెంటు తీగల కిందుగా వచ్చి, నేరుగా నరసరాజు గారి సంచి అంచు మీద వాలింది. ఆ రెక్కల చప్పుడుకు ఆయన భుజాలు లేచాయి, మోచేతులు వణికాయి. వేళ్ళు మాత్రం సంచిని వదల్లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని "తీసుకోండి, తొందరగా తీసుకోండి" అని గొణిగారు. లక్ష్మీనారాయణ గారు రెండు చేతులతో పింకీని పొదివి పట్టుకుని ఏడ్చేశారు. ఆ ఏడుపు దాచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

పదింటికి నల్ల కళ్ళద్దాలతో టీచరుగారు ఆటో దిగారు. చెప్పొద్దన్నట్టు పరమేశ్వరి కనుసైగ చేసింది. ఆయన వినలేదు. టీచరుగారు కుర్చీలో కూర్చోకముందే, తన గొప్ప కోసం పింకీని రోడ్డు మీదికి తేవడం దగ్గర్నుంచి అంతా చెప్పేశారు. "నా తప్పేనండీ. మీరు ఏమన్నా పడతాను" అన్నారు.

ఆవిడ అంతా విని, పంజరం తలుపు తీసి వేలు పెట్టింది. పింకీ వేలెక్కి, ఆవిడ కళ్ళద్దాల్ని ముక్కుతో పొడిచి చూసింది.

"ముప్పైయేళ్ళు పాఠాలు చెప్పానండీ" అంది ఆవిడ చివరికి. "తప్పు చేసి, అడక్కుండానే వచ్చి చెప్పినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వచ్చే నెల రెండో కంటికి ఆపరేషన్. మళ్ళీ ఇక్కడే దింపుతాను."

లక్ష్మీనారాయణ గారు తలూపారు. పంజరం తనే ఆటో దాకా మోశారు.

ఆటో ఎక్కి, పంజరం ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ మళ్ళీ తల బయటికి పెట్టింది. "ఆ రాజుగారిని మాత్రం చేతులు కట్టుకుని రమ్మనండి!"

బియ్యం బస్తాల మధ్య కూర్చుని కాఫీ తాగుతున్న నరసరాజు గారు గబుక్కున గ్లాసు కింద పెట్టి చేతులు కట్టుకున్నారు.