హెప్సిబా టీచర్ మండె కట్టిన వడ్లు

కంకిపాడులోని ఆ ప్రైవేటు స్కూల్లో హెప్సిబా టీచర్ బయాలజీ క్లాసంటే పిల్లలకు పండగ, ఆఫీసు రూముకు తలనొప్పి. కణం గురించి చెప్పాలంటే ఉల్లిపొర కావాలంటుంది, అదొక ఖర్చు కాదు కాబట్టి సరే. గుండె పాఠానికి మాత్రం చికెన్ కొట్టు నుంచి కోడిగుండెలు తెప్పిస్తుంది. ఆ వాసనకు పక్క గదిలో లెక్కల మాస్టారు ముక్కు మూసుకుని పాఠం చెప్పుకోవాలి. ‘‘పుస్తకంలో బొమ్మ ఉంది కదండీ’’ అని ఆయన గొణిగితే, ‘‘బొమ్మను కోసి చూపించలేం కదండీ’’ అనేస్తుంది.

ఇలాంటి మనిషికి స్కూల్లో ఉన్న ఆస్తల్లా ఒక చిన్న ల్యాబు. ఈ జూన్‌లో కరస్పాండెంట్ వెంకటకృష్ణారావు గారి కన్ను దాని మీద పడింది. పోటీ పరీక్షల ఫౌండేషన్ క్లాసుకు గది కావాలట.

‘‘శనివారం పేరెంట్స్ మీటింగులో ఈ ల్యాబు వల్ల పిల్లలకేం ఒరుగుతోందో చూపించండి హెప్సిబా గారూ. లేదంటే సోమవారం కార్పెంటరొచ్చి బల్లలు విప్పేస్తాడు’’ అన్నారాయన.

ఆ గది పోతే ఇక బ్లాక్‌బోర్డు, గైడు. అది తలుచుకుంటేనే హెప్సిబాకు అన్నం సహించలేదు.

నారుమళ్ళ రోజులు కదా, గింజలో ప్రాణం ఎలా మేలుకుంటుందో చూపిద్దామనుకుంది. తొమ్మిదో తరగతి పిల్లల చేత వడ్లు తెప్పించింది. ఉప్పునీళ్ళలో పోసి, పైకి తేలిన తాలు తీసేసి, మునిగిన గట్టి గింజలు నానబెట్టి, ముక్కు పగిలి మొలకలొచ్చేలా తడి గోనెసంచిలో మండె కట్టమంది. మధ్యలో ఉప్పు పోయేలా కడగమని మాత్రం చెప్పలేదు. నాట్లు వేసి కూతుర్ని చదివించిన సంపూర్ణమ్మ కడుపున పుట్టిందామె. ఉప్పునీళ్ళ తర్వాత మంచినీళ్ళన్నది ఆ ఇంట్లో నోటితో చెప్పుకునే సంగతే కాదు. ఈ పిల్లలేమో అపార్టుమెంట్లలో పెరిగినవాళ్ళు. టీచర్ మాట అక్షరం జవదాటకుండా ఆ ఉప్పునీళ్ళలోనే నానబెట్టారు. సంచి కూడా వాటితోనే తడిపారు.

శనివారం తల్లిదండ్రుల ముందు సంచి విప్పితే ఒక్క గింజకూ మొలక లేదు.

‘‘చచ్చిపోయినట్టున్నాయి టీచరు గారూ’’ అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. సంచి కట్టిన సింధూరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

హెప్సిబా ఒక గింజ నోట్లో వేసుకుంది. ఉప్పగా తగిలింది. విత్తనం నాసిరకమని తోసేసినా అడిగేవాళ్ళు లేరు. సిగ్గుతో మొహం కందిపోయినా తలెత్తే చెప్పింది.

‘‘తప్పు నాదేనండీ. కడగమని చెప్పడం మర్చిపోయాను. గింజలో ఉన్నవన్నీ కణాలే. ఒక్కోదానికీ పల్చటి పొర ఉంటుంది. నీళ్ళు ఆ పొర దాటి లోపలికి వస్తేనే గింజ లేస్తుంది. బయట ఉప్పెక్కువైతే లోపలికి రావు, ఉన్నవి కూడా బయటికి పోతాయి. మాగాయ ముక్కలకు ఉప్పేస్తే ఊట దిగదూ? అదేనండీ ఇది.’’

నవ్వులు ఆగాయి. ‘‘అయితే ఇవి చచ్చిపోయినట్టేనా టీచర్?’’ అంది సింధూరి.

హెప్సిబాకు నిజంగానే తెలియదు. ‘‘ఏమోనమ్మా. చచ్చాయో, ఆగాయో, కడిగి చూస్తే తెలుస్తుంది.’’

‘‘చూడండి. కార్పెంటర్ని మాత్రం ఆపను’’ అన్నారు వెంకటకృష్ణారావు గారు.

టీచరూ సింధూరీ కుళాయి కింద వడ్లను ఉప్పదనం పోయేదాకా కడిగి, మంచినీళ్ళలో నానబెట్టి, సాయంత్రానికి కొత్త సంచిలో కట్టారు. ఆదివారం చర్చి నుంచి తెల్లచీరతోనే స్కూలుకొచ్చి సంచి తడిపింది హెప్సిబా. పాస్టరు గారు ఏం ప్రసంగించారో అడిగితే చెప్పలేకపోయేది.

సోమవారం కార్పెంటర్ అంతోని టేపు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, వెనకే కరస్పాండెంట్ గారు. సింధూరి ముడి విప్పింది. కొన్ని గింజలు మెత్తబడి నల్లగా పోయాయి. మిగతా వాటన్నిటికీ తెల్లటి మొలకలు పొడుచుకొచ్చాయి.

‘‘టీచర్! ముక్కు పగిలాయి!’’ అని అరిచింది సింధూరి. హెప్సిబా పట్టరాని సంతోషంతో ఆ పిల్ల భుజం పట్టుకుంది.

వెంకటకృష్ణారావు గారు వంగి సంచిలో చెయ్యి పెట్టారు. పెట్టి, అలాగే ఉండిపోయారు.

‘‘వెచ్చగా ఉందండీ. చిన్నప్పుడు మా నాన్న మండెలో నా చెయ్యి పెట్టించేవాడు. ఈ వేడి ఎక్కడిదండీ?’’

‘‘ఊపిరి తీసుకుంటున్నాయి సార్. లోపల దాచుకున్న తిండిని ఖర్చు చేసుకుంటూ పెరుగుతున్నాయి. ఆ పనిలో పుట్టిన వేడే.’’

‘‘ఇన్నేళ్ళూ ఎవర్నీ అడగలేదు చూడండి’’ అన్నారాయన, తనలో తాను చెప్పుకుంటున్నట్టు.

అంతోని దగ్గాడు. ‘‘సార్, కొలతలు తీసుకోమంటారా?’’

‘‘తీసుకోవయ్యా. ల్యాబుకి ఇంకో రెండు బల్లలు పడతాయేమో చూడు’’ అన్నారు వెంకటకృష్ణారావు గారు, సంచిలోంచి చెయ్యి తీయకుండానే.