జోడీ టికెట్

మా ఓస్‌బెక్‌లో వెల్డా క్రౌజ్ ఎవరని అడిగితే కాసేపు బుర్ర గోక్కుంటారు. నాలుగో కిటికీ అంటే మాత్రం ఎవరైనా టక్కున చెబుతారు. టాలివర్ కాలేజీ ఫుట్‌బాల్ ఆటలకి విద్యార్థుల టికెట్లు ఇచ్చే కిటికీ అది. పందొమ్మిదో ఏట దాని వెనక స్టూలెక్కి కూర్చున్న మనిషి, మోకాళ్ళు అరిగి స్టూలు పోయి కుర్చీ వచ్చినా అక్కడినుంచి కదల్లేదు.

టికెట్లు ఇవ్వడానికి ఓ వరస ఉండేది. సోమవారం ఆఖరి ఏడాది వాళ్ళు, మంగళవారం మూడో ఏడాది, బుధవారం రెండో ఏడాది. గురువారం వచ్చే కొత్త పిల్లలకి పెద్దవాళ్ళు ఏరుకోగా మిగిలిన చోట్లు, అంటే ఆకాశానికి దగ్గరగా ఏ మూలనో పై వరసలు. స్నేహితులంతా ఒకచోట కూర్చోవాలంటే అందరి కాలేజీ కార్డులకీ రబ్బరుబ్యాండు చుట్టి ఒకడి చేతికిచ్చి పంపేవాళ్ళు. వెల్డా ఆ కట్ట విప్పి, పేకముక్కల్లా బల్ల మీద పరిచి, ఎవరి పక్కన ఎవరో సర్దేది. పొడుగువాళ్ళు వెనక్కి, పొట్టివాళ్ళు ముందుకి. కాలికి కట్టు కట్టుకొచ్చినవాడు మెట్ల పక్కకి. పెళ్ళిపందిట్లో విస్తళ్ళు వేయించే పెద్దముత్తయిదువకి కూడా అంత పట్టింపు ఉండదు. మొన్న సోమవారం కూడా, ఒక పిల్ల ఒంటిగా వస్తే అడిగింది.

"ఏమ్మా, పోయినవారం నీ కార్డు ఆ డెరిక్ కట్టలో ఉండాలి కదా?"

"ఇప్పుడు లేదులెండి మేడమ్."

"సరే, వాడి మొహం కనబడని మూల వేస్తాను. ఏడవకుండా ఆట చూసుకో."

ఇలా ముప్పై ఏళ్ళకి పైగా పిల్లల్ని కలిపింది, విడదీసింది. శనివారం ఆటకి వాళ్ళంతా తను వేసిన చోటే బుద్ధిగా కూర్చుంటారని ఆవిడ నమ్మకం. కళ్ళారా ఎన్నడూ చూడలేదు. ఆట రోజున కిటికీ తెరిచే ఉండాలి కదా మరి. కార్డు మరిచిపోయినవాడు, టికెట్ పారేసుకున్నవాడు, నిద్రలేచి పరిగెత్తుకొచ్చినవాడు, అందరూ అక్కడికే. ఆటని ఆవిడ గోడ అవతలి కేకలతోనే చూసింది. ఏ కేక మనది, ఏ నిట్టూర్పు అవతలివాళ్ళ చలవ, అన్నీ చెవులకి తెలుసు. టీవీలో చూపిస్తే విద్యార్థుల వైపు ఒక ఎర్రటి ముద్దలా కనబడేది. ఆ ముద్దలో ఎవరి చోటు వాళ్ళదే అనుకునేది, పాపం.

రాయిస్ క్రౌజ్ ఆ కిటికీ దగ్గరికి మొదట వచ్చింది ఒక గురువారం. పొలాల వైపు నుంచి వచ్చిన కుర్రాడు, ఒంటిమీద గోధుమరంగు ముతక కోటు. జోడీ టికెట్ కావాలన్నాడు. అంటే విద్యార్థికి ఒకటి, బయటి మనిషికి పక్కనే ఇంకొకటి. చెల్లెలికో, నచ్చిన పిల్లకో తీసుకునేవాళ్ళు.

"రెండో మనిషి ఎవరు?" అంది వెల్డా తలెత్తకుండా.

"మీరేనండి."

అప్పుడు తలెత్తింది. "శనివారం నేను ఈ కిటికీలోనే ఉంటాను బాబూ."

"తెలుసండి. ఏ రోజైనా తొందరగా మూసేస్తే? అప్పుడు మీకు చోటు లేకపోతే బాగుండదు కదా."

వరసలో వెనకవాళ్ళు కిసుక్కున నవ్వారు. వదిలించుకుంటే చాలని ముద్ర కొట్టి ఇచ్చేసింది. మరుసటి గురువారం మళ్ళీ వచ్చాడు, మళ్ళీ జోడీయే. అలా తను వెళ్ళలేని ఆటకి తన టికెట్ తనే అమ్మిన మనిషి మా ఊళ్ళో ఆవిడొక్కతే. తరగతి పెరిగేకొద్దీ రాయిస్ గురువారం నుంచి బుధవారానికి, మంగళవారానికి జరిగాడు. సీట్లూ ఆకాశం నుంచి మెట్టు మెట్టుగా కిందికి దిగాయి. ఆఖరి ఏడాది సోమవారాల్లో మైదానం నడిమి గీతకి ఎదురుగా, ముప్పై ఒకటో వరసలో పడ్డాయి. ఏడాది ముగుస్తుండగా అన్నాడు, "ఇక ఈ కాలేజీలో నాకు సీటుండదు. మీ ఇంట్లో ఉందేమో మీ అమ్మగారిని కనుక్కోండి."

అమ్మగారికి అతనంటే ముందునుంచీ ఇష్టమే. చదువుకునే రోజుల్లోనే ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి వచ్చేవాడు. అయితే చలి ముదిరే నవంబరులో ముక్కు కారుతూ, తుమ్ముతూ వచ్చేవాడు. ఆవిడ కోడిపులుసులో నూడుల్స్ వేసి పొగలు కక్కుతుండగా ముందు పెట్టేది. పైగా ఆ కోటుకి ఎప్పుడూ మట్టే.

"ఈ అబ్బాయి కోటు వేసుకుని వస్తాడా, కోటు మీద నడిచి వస్తాడా?" అనేది కూతురితో, అతనికి వినబడేట్టే.

"ఆట దగ్గర తొక్కిడి ఎక్కువండి," అనేవాడు రాయిస్, గిన్నెలోంచి తలెత్తకుండా. వెల్డా పెరట్లో కూర్చుని ఆ కోటుని బ్రష్షుతో రుద్దేది. అతను మెల్లగా దగ్గరికొచ్చి, "నిన్నా నీ చోటు ఖాళీగానే ఉంచాను," అనేవాడు. ఎలాగని ఆవిడ అడగలేదు.

పెళ్ళయ్యాక రాయిస్ విత్తనాల కొట్లో కుదిరాడు. వెల్డా కిటికీ వదల్లేదు. ఆ ఖాళీ చోటు మాట మాత్రం ఇంటి సామెత అయిపోయింది. గిన్నె కడగలేదని వెల్డా సాధిస్తే, "నాలుగేళ్ళు నీ పక్క సీటు ఖాళీగా ఉంచినవాడిని, ఒక్క గిన్నెకి ఇంత రాద్ధాంతమా?" అనేవాడు. పిల్లల్లేని ఇల్లు. పొదుపు మాటల మనిషి. ప్రేమ గురించి అతను చెప్పినదంతా ఆ ఒక్క మాటే. మూడేళ్ళ కిందట వసంతంలో గుండె ఆగిపోయి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ గిన్నెలు కడిగేటప్పుడల్లా ఆవిడకి ఆ మాట కావాలనిపించేది.

వచ్చే ఏడాది నుంచి టికెట్లన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోతాయన్నారు. నాలుగో కిటికీకి ఈ నవంబరు ఆటే ఆఖరిది. టికెట్ల ఆఫీసుకి కొత్తగా వచ్చిన అధికారి కెండల్ మర్యాదస్థుడే.

"వెల్డా గారూ, ఆ రోజు మీరు కిటికీలో ఉండక్కర్లేదు. పైన గాజుగదిలో మెత్తటి కుర్చీ వేయిస్తాను. వేడివేడి చిల్లీ కూర, దాల్చినచెక్క రొట్టె, అన్నీ అక్కడికే వస్తాయి."

"నాకు విద్యార్థుల వైపు కావాలి. ముప్పై ఒకటో వరస. జోడీ."

"ఇంకెవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదు. రెండూ నేనే తీసుకుంటాను." కిటికీ మూసే ముందు ఆ రెండు టికెట్లూ తనే ముద్ర కొట్టి తనే పుచ్చుకుంది.

శనివారం విద్యార్థుల మెట్ల దగ్గర ఓర్విల్ ఉన్నాడు. ఆ మెట్లకి అతనే కాపలా, రాయిస్ రోజుల నుంచీ. టికెట్ మీద ఏ వైపో ఒక్క చూపు చూసి వెనక్కిచ్చేశాడు.

"సీటు ఎక్కడో చెప్పవా?" అంది వెల్డా.

"సీటా?" ఓర్విల్ ఆవిడ మొహంలోకి చూసి, వేళాకోళం కాదని గ్రహించి, పక్కకి తప్పుకున్నాడు. "నువ్వే చూడు."

చూసింది. ఒక్కడంటే ఒక్కడు కూర్చుని లేడు. అంతా బల్లల మీదికెక్కి నిలబడ్డారు. బల్లల మీద వేసిన అంకెలన్నీ బూట్ల కింద ఉన్నాయి. తాటిచెట్టంత వాడు మొదటి వరసలో ఉన్నాడు, పొట్టిపిల్ల వాడి వీపుకేసి చూస్తోంది. సోమవారం చెరో మూలకి విసిరేసిన డెరిక్కూ ఆ పిల్లా ఒకే దుప్పటి కప్పుకుని నిలబడ్డారు.

"ఎప్పటినుంచి ఇలా?"

"నేనొచ్చినప్పటి నుంచీ ఇంతే. ఏ వైపన్నదే నేను చూస్తాను. లోపల ఎవడి చోటు వాడు తోసుకుని తీసుకోవడమే. నీకెవరూ చెప్పలేదా?" ఓర్విల్ గొంతు కాస్త మెత్తబడింది. "నువ్వంత శ్రద్ధగా వేసిస్తుంటే ఏ నోటితో చెబుతారులే."

వెల్డాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళ సర్దుడంతా బూడిదలో పోసిన పన్నీరు. అయినా దానికి నవ్వుకోవచ్చు. నవ్వలేని సంగతి ఇంకొకటుంది.

"మరి రాయిస్ నాకు చోటు ఆపేవాడు కదా. పక్కన, ఖాళీగా."

"ఇక్కడ చోటు ఆపడమా? చెయ్యి పట్టేంత సందుంటే ఇద్దరు దూరతారు. పెళ్ళికి ముందు మగాడు చెప్పిన మాటలు పట్టించుకోకు వెల్డా. మంచివాడు, ఏదో ముచ్చటకి అనుంటాడు."

మాట తేలిగ్గానే అన్నాడు. ఆవిడ చేతిలోని రెండో టికెట్‌కేసి చూసుకుంది. అబద్ధమైతే చిన్న అబద్ధమే. కానీ ఆ ఇంట్లో ప్రేమ పేరుతో ఉన్న ఒకే ఒక్క మాట అది. అదే పోతే చేతిలో ఏం మిగిలినట్టు? వెనక్కి పోదామనుకుంది. ఈలోగా పైనుంచి ఒక అమ్మాయి చూసింది, హ్యాడ్లీ అని, కార్డుల కట్టలు తెచ్చే పిల్ల.

"ఒరేయ్, జరగండ్రా. నాలుగో కిటికీ మేడమ్ వచ్చారు."

పిల్లలు దారిచ్చారు. చేతులు పట్టి ఎక్కించారు. ముప్పై ఒకటో వరసలో బూట్లు జరిపించి అంకె వెతుక్కుని వెల్డా అక్కడ నిలబడింది. తర్వాత ఏదో మొండితనం వచ్చినట్టు కోటు విప్పి, పక్క అంకె మీద పరిచింది. చర్చిలో చోటు ఆపుకోవడానికి ఎవరైనా చేసే పనే అది.

"చలికి గడ్డకట్టిపోతారు మేడమ్, వేసుకోండి," అంది హ్యాడ్లీ.

"చోటు ఆపాను."

"ఎవరికి?"

"మా ఆయనకి."

ఆ పిల్లకి తెలియదు. మెట్లకేసి చూసి, "తొందరగా రమ్మనండి మరి. ఇక్కడ ఎక్కువసేపు ఆగదు," అంది.

ఆట మొదలైంది. ఒకడు కోటు మీద కాలు పెట్టబోయి, ఆవిడ చూపు చూసి తీసేశాడు. ఇంకొకడు మోచేత్తో జరిగాడు. ఆవిడ కోటు మళ్ళీ సర్దింది. చలి ఎముకల్లోకి దిగుతోంది, ముక్కు కారడం మొదలైంది. అంతలో మనవాడొకడు బంతి పట్టుకుని గీత వెంట పరిగెత్తి ఆఖరి గీత దాటాడు. ఇన్నేళ్ళు గోడ అవతల విన్న కేక ఈసారి ఆవిడ చుట్టూ లేచింది. టచ్‌డౌన్. బల్లలు ఊగిపోయాయి. ముక్కూ మొహం తెలియని పిల్లలు ఆవిడని కావలించుకుని గెంతారు. ఆవిడా గెంతింది, మోకాళ్ళ సంగతి మరిచిపోయి.

సద్దు మణిగాక చూస్తే పక్కన కోటు లేదు. ఆ చోట ఇద్దరున్నారు. హ్యాడ్లీ వంగి బల్లల కిందనుంచి కోటు లాగింది.

"అయ్యో మేడమ్, అంతా తొక్కేశారు," అంటూ దులపబోయింది.

వెల్డా ఆ కోటు వీపుని చూసింది. నిండా బూటు ముద్రలు, మడమతో సహా, ఒకదాని మీద ఒకటి. ఆ ముద్రలు ఆవిడకి కొత్త కాదు. ఎన్నో ఆదివారాలు పెరట్లో కూర్చుని బ్రష్షుతో రుద్దినవే. కోటు మీద నడిచి వస్తాడా అని అమ్మ అనేది. పెళ్ళయ్యాక ఏనాడూ టోపీ కూడా కొక్కేనికి తప్ప ఇంకెక్కడా పెట్టని మనిషి అతను. ప్రతి నవంబరూ ఆ తుమ్ములెక్కడివో ఇప్పుడు తెలిసింది. ఆవిడ రాదని తెలిసీ, ఈ చలిలో ఒట్టి చొక్కాతో నిలబడి, తొక్కినప్పుడల్లా తీసి పరిచాడు. ఒక్క ఆటలో కూడా చివరిదాకా ఆపలేకపోయుంటాడు పిచ్చి మనిషి. కళ్ళు ధారలు కట్టాయి, తుడుచుకోలేదు.

"దులపకమ్మా, ఇలా ఇవ్వు," అంది. కోటు అందుకుని, ఆ ఇద్దరినీ కాస్త జరగమని, మళ్ళీ ఆ అంకె మీదే పరిచింది.