ఫ్యూజు పీకి పెళ్ళిచూపులకు

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినవాణ్ణి మీరెవరూ చూసి ఉండరు. పెళ్ళిచూపులకు వెళ్తూ కారు ఫ్యూజు పీకి జేబులో వేసుకెళ్ళినవాణ్ణి మాత్రం ఇదిగో, ఇప్పుడు చూస్తున్నారు. పిల్లే నయం. గీరితే గీరుతుంది గానీ సంబంధం చెడగొట్టదు.

రెండువేల ఆరు ప్రాంతం. మదనపల్లెలో నాకు విత్తనాల అంగడి. వచ్చిన ప్రతి సంబంధమూ ఏదో ఒక వంకతో తప్పిపోతుంటే మా అమ్మ విసిగిపోయి, "కుప్పం సంబంధం గూడా పోతే ఇంగ నన్నడగొద్దు. నువ్వూ, నీ వంకాయ విత్తనాలూ!" అని తేల్చేసింది. పిల్ల ఫోటో చూసినప్పటి నుంచి నాకూ నిద్ర లేదు. ఇది కూడా పోతే ఎట్లా అని నిజంగానే భయం పట్టుకుంది. అందుకే కాస్త గొప్పగా కనిపించాలని కొత్త కారు కొన్నాను. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్! ఒక్క వేలితో తిరుగుతుంది.

తిరగడమే తప్పయింది. మా మేనమామ గంగులప్ప బతుకంతా టమేటా లారీ తోలినవాడు. నా స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి, మజ్జిగ కవ్వాన్ని చూసినట్టు చూశాడు.

"ఏంరా ఇది? బండి నీ మాట వింటాండాదా, గాలి మాట వింటాండాదా?"

"అట్లే ఉంటాది మామా. లోపల మోటారుండాది. అదే తిప్పుతాది."

"మోటారు తిప్పితే నువ్వు యాల? దాన్నే పెండ్లికొడుకును చేసి పిల్చుకోని పో!"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. షోరూములో అడిగితే స్టీరింగ్ బరువు పెంచే ఏర్పాటేమీ లేదన్నారు. కార్లకు వైరింగ్ చేసే నా స్నేహితుడు మాత్రం, "ఫ్యూజు పీకితే మోటారు ఆగిపోయి బరువైతాది. అయితే ఆ పని మాత్రం చేయొద్దప్పా," అన్నాడు. మొదటి ముక్క విన్నాను. రెండో ముక్క వినే వయసు కాదు.

ప్రయాణం రోజు పొద్దున్నే పీకేశాను. ఇంజను వేయగానే మీటర్ల పక్కన పసుపు రంగు దీపం ఒకటి వెలిగింది.

"మంచి పనికి బయల్దేరంగానే దీపం! శకునం బాగుండాదిరా," అంటూ మామ దానికి దండం పెట్టుకున్నాడు.

ఊరు దాటి బండి పరుగందుకుంటే అంతా బాగానే ఉంది. చేతికి కొంచెం బరువు, మనసుకు బోలెడు పొగరు. పుంగనూరు బజారులో బండి నిదానించాక తెలిసింది అసలు సంగతి. నేను పట్టుకున్నది స్టీరింగ్ కాదండీ, ఎద్దు కొమ్ములు! అదే సమయానికి ఆ ఊరి పొట్టి ఆవొకటి రోడ్డు నడిమధ్య నిలబడి నెమరేస్తోంది. దాన్ని తప్పించడానికి ముందుకూ వెనక్కూ తిప్పేసరికి నా దేవుళ్ళంతా గుర్తొచ్చారు.

"ఫ్యూజు పెట్టేస్తా మామా!"

"పెండ్లి కాకముందే ఓడిపోతావా? తిప్పరా!"

తిప్పాను. పలమనేరులో తిప్పాను, వి.కోటలో తిప్పాను. కుప్పంలో పిల్ల ఇంటి సందుకు ఒక పక్క మురికి కాలువ, ఇంకో పక్క గ్రానైటు బండలు. అందులోకి కారును దూర్చేసరికి నా చేతులు నావి కాకుండా పోయాయి.

లోపల పిల్ల తండ్రి మునిరాజప్ప, ఆయన తల్లి కూర్చుని ఉన్నారు. పిల్ల భారతి కాఫీ తెచ్చిచ్చింది. గ్లాసు అందుకున్నానో లేదో, జాతరలో పూనకం వచ్చినట్టు ఊగడం మొదలెట్టింది. సగం కాఫీ నా తెల్లచొక్కా తాగేసింది.

మునిరాజప్ప ముఖం మాడిపోయింది. "పొద్దున్నే ఈ వణుకేంది?"

మామ నన్ను కాపాడబోయాడు. కొంప మునిగింది అక్కడే.

"మావోడికి రోజూ వణకదప్పా. ఈ పొద్దే."

"దార్లో యాడన్నా ఆగినారా?"

"పుంగనూర్లో. చానా సేపు."

"ఆడ్నుంచేనా వణుకు?"

"ఆ, ఆడ్నుంచే!"

అవ్వ కర్ర ఊతంగా లేచి నా దగ్గరికొచ్చింది. "యాదీ, నోరు తెరువు నాయనా." తెరిచాను. ఏం చేస్తాను? ఆమె వాసన పీల్చి, "సారాయి లేదురా. ఇడ్లీ తిన్న వాసనుండాది," అంది.

"నీకు జలుబు చేసుండాది. నీ సాక్ష్యం చెల్లదు," అన్నాడు కొడుకు.

సంబంధం పోతోందని అర్థమైపోయింది. ఏడుపొక్కటే తక్కువ. జేబులోంచి ఫ్యూజు తీసి, జరిగిందంతా చెప్పేశాను.

"కత బాగుండాది. ఏదీ, సూపించు," అని మునిరాజప్ప బయటికి నడిచాడు. కారులో కూర్చుని, పళ్ళు బిగించి, స్టీరింగ్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు, ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాడు. చెమటలు కక్కుతూ దిగాడు. భారతి నీళ్ళచెంబు అందిస్తే అది ఆయన చేతిలో చిందులేసింది.

అవ్వ గబగబా వచ్చింది. "నువ్వూ నోరు తెరువురా మునిరాజూ!"

సందంతా ఘొల్లుమంది. భారతి గోడ పట్టుకుని నవ్వింది. తర్వాత నా వైపు చెయ్యి చాచి, "ఆ ఫ్యూజు ఇట్లియ్యండి. ఈ వణుకుతో మీరు దాన్ని దూర్చలేరు," అంది. నేను చోటు చూపించాను, తను పెట్టింది. ఇంజను వేసి చూస్తే స్టీరింగ్ పువ్వులా తిరిగింది.

"ఇంత బాగుండేదాన్ని యాల పాడు చేసుకున్నారు?"

నీ కోసమే అనడానికి ధైర్యం చాల్లేదు. మామను చూపించాను.

మునిరాజప్ప మోచేతులు రుద్దుకుంటూ మామ వైపు తిరిగాడు. "మదనపల్లె నుంచి ఈడిదాకా దీన్ని ఇట్లే తోలుకోనొచ్చినాడంటే వీడు శానా మొండోడు. మా భారతి కోపానికి ఇట్లాంటోడే నిలబడతాడు. ముహూర్తం సూడండప్పా!"

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఆ పుంగనూరు ఆవు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. సులువుగా నడిచే దేన్నీ ఈ జన్మలో బరువు చేయను. చేద్దామన్నా కుదరదు లెండి. పెళ్ళయిన మర్నాటి నుంచి కారు తాళంచెవి నా చేతికి రాలేదు.