సూబ్రాయన్ సందు

డర్బన్ దగ్గర వెరులంలో హార్డ్‌వేర్ కొట్లో తాళాలూ గొళ్ళేలూ అమ్ముకునే సూబ్రాయన్‌కి గొప్పగా చెప్పుకోవడానికి ఒక్కటే సంగతి ఉండేది. వాళ్ళ నాన్న పేరు మీద ఒక సందు ఉండేది. దక్షిణ తీరాన, ఉమ్‌కోమాస్‌లో, రైలు పట్టాలకీ నదికీ మధ్య: సూబ్రాయన్ సందు. నాన్న పేరే ఇతనికి ఇంటిపేరయింది కాబట్టి, ఆ సందులో సగం వాటా తనదే అన్నట్టు మాట్లాడేవాడు.

"దొరల పేర్లున్న వీధులు యాభై ఉంటాయి. చెరుకుతోట కూలీ కొడుకు పేరుతో సందు ఎక్కడన్నా చూశారా?"

ఎవరూ చూడలేదు. చూడ్డానికి ఆ సందు కూడా లేదు. 1962లో అది తెల్లవాళ్ళ ఏరియా అని ప్రకటించి, మనవాళ్ళందర్నీ లారీలెక్కించి పంపేశారు. ఇప్పుడక్కడ పచ్చగడ్డి, దాని మీద సెలవులకొచ్చేవాళ్ళ కాటేజీలు.

ఈ గొప్పకి ఒక సాక్షి కూడా ఉండేవాడు. డెన్నిస్. తెలుగు బాప్టిస్టుల అబ్బాయి, వెరులంలోనే కార్ల సొట్టలు తీసే పని చేసుకుంటాడు. ఏ పెళ్ళిలో కనబడినా సూబ్రాయన్ అతని భుజం పట్టుకుని కొత్తవాళ్ళ ముందు నిలబెట్టేవాడు.

"వీళ్ళు మా ఇంటి వెనక రూమ్‌లో ఉండేవాళ్ళు. తండ్రి లేని పిల్లాడు. మా అయ్య ఏనాడూ పొమ్మనలేదు."

డెన్నిస్ చేతిలో బిర్యానీ ప్లేటుతో నవ్వేవాడు. "అవునవును. అన్నావాళ్ళ అయ్య మాకు దేవుడు." బాప్టిస్టు అయ్యుండి మనిషిని దేవుడంటావా అని భార్య థెల్మా మోచేత్తో పొడిచేది.

తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చింది. పాత చట్టాల కింద భూమి పోగొట్టుకున్నవాళ్ళు 1998 డిసెంబర్ 31 లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చంది. సూబ్రాయన్ అక్టోబర్‌లోనే పెట్టేశాడు. 'యజమాని' అన్న గడిలో నాన్న పేరు పెద్ద అక్షరాలతో రాశాడు. తనతోనే ఉండే అక్క సావీ ప్రమాణపత్రం మీద సంతకం చేసింది. ఆ ఇంటి తొలి రోజులకి ఊహ తెలిసినది ఆవిడకే మరి. తమ్ముడికంటే పదేళ్ళు పెద్ద.

మూడు వారాలకి జవాబు వచ్చింది. సూబ్రాయన్ సందు అనేది ఏ మ్యాపులోనూ లేదు, స్థలం లాట్ నంబరు పంపగలరు.

సూబ్రాయన్ సెలవు పెట్టి ఉమ్‌కోమాస్ వెళ్ళాడు. ఊరి మ్యాపులో రాణులున్నారు, గవర్నర్లున్నారు, నాన్న లేడు. లైబ్రరీలో పాత ఇళ్ళ జాబితా తీయించాడు. తెల్లవాళ్ళ వీధుల్లో ఇంటింటికీ పేరూ, చేసే పనీ రాసుంది. నది వైపు సందులు మొదలయ్యేచోట ఒక్కటే ముక్క: 'ఇక్కణ్ణుంచి ఇండియన్లు.' పేజీ తిప్పితే ఇంకో వీధి. ఆ ఒక్క ముక్కనీ వేలితో మళ్ళీ మళ్ళీ చదివాడు, కింద ఇంకేమన్నా దాక్కుందేమోనని.

అక్కడివాళ్ళు కోర్టు రికార్డు రూముకి వెళ్ళమన్నారు. అక్కడ లొరెయిన్ అనే గుమస్తా అమ్మాయి ఉంది. హుషారైన పిల్ల.

"పోలీసులొచ్చినప్పుడే అంకుల్ ఆ రోజుల్లో మనవాళ్ళ పేర్లు రాసేది. కేసుల పుస్తకాలు చూద్దాం."

"మా అయ్య కోర్టు మెట్టు తొక్కని మనిషమ్మా."

లొరెయిన్ పుస్తకాలు దించింది. రెండో రోజు మధ్యాహ్నం, గదిలో ఇంకో నలుగురు కాచుకుని ఉండగా, ఆ పిల్ల సంబరంగా పైకే చదివేసింది.

"దొరికింది అంకుల్! 1951 జూన్. చెరుకు సారా అమ్మిన నేరం. ముద్దాయి సూబ్రాయన్. లాట్ 14, ఫ్రేజర్ లేన్, వెనక గదిలో అద్దెకుంటున్నాడు. ఇంటి యజమాని జే. జేకబ్. సారాకొచ్చే జనం ఈ సందుని సూబ్రాయన్ సందు అంటారు. చూశారా, సందు పేరుతో సహా ఉంది!"

నలుగురూ నవ్వారు. సూబ్రాయన్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఆ ముద్దాయి తన తండ్రని వాళ్ళకి తెలిసిపోతుందనుకున్నాడు, ఇంతసేపూ 'మా అయ్య, మా అయ్య' అన్నది తనేనని మరిచిపోయి.

జేకబ్ అంటే డెన్నిస్ తండ్రి. భూముల రిజిస్ట్రీలో లాట్ 14 అడిగితే అక్కడా అదే పేరు, 1943 నుంచీ.

ఇంటికొచ్చేసరికి సావీ పీట వేసుకుని తోటకూర తరుగుతోంది.

"అక్కా, ఆ ఇల్లెవరిది?"

కత్తి ఆగలేదు. "ఏటిరా ఈ మేజిస్ట్రేటు కొచ్చెన్లు?"

కాగితం చూపించాడు. ఆవిడ చదవలేదు. కూర ఒక పక్కకి నెట్టి, తనే మొదలెట్టింది.

"అప్పటికి జేకబ్ సచ్చిపోయి రెండేళ్ళు. నన్ను సూడ్డానికి స్టాంగర్ నుంచి ఒచ్చినారు. ఆల్లు పిల్లని సూడరు, ఇల్లు సూస్తారు. అయ్య ఎల్లి జేకబ్ పెండ్లాన్ని అడిగినాడు, ఒక్క పూట ఎనక రూములో కూకోమని. ఆ యమ్మ బాబునెత్తుకొని ఎల్లింది. ముందు రూములో కుర్చీలు కూడా ఆల్లవే."

"తర్వాత?"

"పెళ్ళిదాకా ఉండమన్నాం. పెళ్ళయిపోనాది. రమ్మని మనం అననేదు. ఒత్తానని ఆ యమ్మా అననేదు."

"మరి ప్రమాణం చేశావు కదే, కాగితం మీద!"

"అయ్య మీద చేసినాను. దేవుడి మీద చేసినానా?" కత్తి మళ్ళీ అందుకుంది. "ఆ కాగితం పొయ్యిలో ఎయ్యి. ఊరంతా తిప్పినావంటే నాకు తమ్ముడు లేడు, అంతే."

సూబ్రాయన్ పొయ్యిలో వెయ్యలేదు. కొత్త దరఖాస్తు తెచ్చి, యజమాని గడిలో జేకబ్ పేరు రాసి, డిసెంబర్ ఇరవై తొమ్మిదిన డెన్నిస్ దగ్గరికి వెళ్ళాడు. ఇక సంతకమే తక్కువ. డెన్నిస్ ఒక పాత టొయోటా డోరుకి పుట్టీ రాస్తున్నాడు.

"మాదా? అన్నా, ఎండలో తిరిగావా ఏంటి?"

"కోర్టు కాగితం ఉంది. చదువు."

పైన పోలీసు ముద్ర చూడగానే డెన్నిస్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మడిచెయ్యన్నా. మీ అయ్య మీద పోలీసోడు రాసింది నేను చదవను. ఆ రోజుల్లో వాళ్ళు ఏం రాసేవాళ్ళో తెలీదా మనకి?"

"సరే, రిజిస్ట్రీ చూడు. జే. జేకబ్."

"కోస్ట్ పొడుగునా జేకబ్‌లే మ్యాన్. మా చర్చిలోనే ఆరుగురు."

"డెన్నిస్, మీ అమ్మని మావాళ్ళే..."

"మా అమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆ వెనక రూమ్‌లో కూర్చునేది. ఆ చిన్న కిటికీ నాకు గుర్తు. నాకు గుర్తున్నదాన్ని నువ్వు కాగితం తెచ్చి కాదంటావా?"

సూబ్రాయన్ అప్పుడు పెళ్ళిచూపుల సంగతి చెప్పాడు. దాచకుండా, కుర్చీలతో సహా. డెన్నిస్ చేతిలో పుట్టీ గట్టిపడిపోయింది.

"ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళి పెళ్ళికీ నన్ను నిలబెట్టి చెప్పావే అన్నా. అదంతా అబద్ధమైతే, ప్రతిసారీ నేనెందుకు నవ్వినట్టు?"

సూబ్రాయన్ దరఖాస్తూ పెన్నూ ముందుకు చాచాడు.

"ఇంకొకళ్ళ భూమికి నేను సంతకం పెట్టను. వెళ్ళిరా అన్నా," అని డెన్నిస్ మళ్ళీ డోరు వైపు తిరిగాడు.

ముప్ఫై ఒకటో తారీకు, గురువారం. డర్బన్‌లో దరఖాస్తులు తీసుకునే చోట వరస వీధి మలుపు దాకా ఉంది. ఒంటి గంటకే మూసేస్తారట. నిలబడ్డంతసేపూ సూబ్రాయన్ ఖాళీ గడినే చూశాడు. డెన్నిస్ సంతకం తనకి తెలుసు. కొట్లో బిల్లుల మీద వందసార్లు చూశాడు, కళ్ళు మూసుకుని పెట్టగలడు. పెన్ను తీశాడు కూడా. వాళ్ళ తరఫున ఇప్పటిదాకా మాట్లాడింది చాలదా అనిపించి జేబులో పెట్టేసుకున్నాడు.

కౌంటర్‌లో తన పాత దరఖాస్తు తీయించి, 'యజమాని' కొట్టేసి 'అద్దెకున్నవాళ్ళు' అని రాశాడు. అక్షరాలు గడి దాటాయి.

"మరి యజమాని తరఫున?" అంది కౌంటర్లో కూర్చున్నామె.

"ఇదిగో, ఈ రెండో కాగితం మీద పేరు రాశానమ్మా. సంతకం పెట్టేవాళ్ళు రాలేదు."

"సంతకం లేనిది తీసుకోనండీ. గడువు ఈరోజుతో సరి."

"తెలుసు."

పాత కాగితం మీద ముద్ర పడింది. జేకబ్ పేరున్న కాగితం చేతికి తిరిగొచ్చింది.

నాలుగింటికి వెరులంలో టాక్సీ దిగాడు. తన ఇంటి గేటు దగ్గర డెన్నిస్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చర్చికెళ్ళే బూట్లు. ఇంట్లో సావీ అతన్ని పలకరించినట్టు లేదు, తలుపు వేసే ఉంది.

"పన్నెండింటి నుంచీ ఇక్కడే ఉన్నానన్నా. రాత్రంతా ఆలోచించాను. ఆ సందులో ఉన్నప్పుడు మా అమ్మ మీ ఇంటికి ఏదన్నా అడగడానికొచ్చేది కదా, ఉప్పో, అగ్గిపెట్టో. కరెంటు లేకపోయినా మీ వంటింట్లోకి తడుముకోకుండా వెళ్ళిపోయేది. ఏ గూట్లో ఏముంటుందో చూడకుండా తీసేది. నేను వెనకాలే ఆవిడ చీర పట్టుకుని వెళ్ళేవాణ్ణి." "ఇవ్వన్నా. సంతకం పెడతాను."

సూబ్రాయన్ సంచీలోంచి కాగితం తీశాడు కానీ ఇవ్వలేదు.

"మూసేశారు డెన్నిస్."

"రేపు?"

"రేపు తీసుకోరు. ఇంక ఎప్పుడూ తీసుకోరు."

డెన్నిస్ కాగితం తనే లాక్కుని, గేటు దిమ్మ మీద పరిచి, సూబ్రాయన్ జేబులోని పెన్ను తీసుకుని, తొందరేమీ లేనట్టు పూర్తి పేరు రాశాడు. సిరా ఆరేదాకా ఊదాడు.

"ఇప్పుడిది ఎవరికివ్వాలన్నా?"

సూబ్రాయన్ గేటు తీశాడు. లోపలికి రమ్మందామనుకున్నాడు. ఏ హక్కుతో రమ్మనాలో తెలియక, గడియ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.