ఖాసిం అన్న కారుకు తాళం

2023 ఎండాకాలం. మార్కాపురంలో ఆసుపత్రుల వెనక వీధి, అన్నీ కాపురాలుండే ఇళ్లే. కార్లు ఎక్కువయ్యాయని అక్కడ పెయిడ్ పార్కింగ్ పెట్టి కాంట్రాక్టుకిచ్చారు. బండి రోడ్డు మీద నిలిపితే గంటకింత అని కట్టాలి. మా ఆయన పోయాక నాకు దొరికిన పని అదే. చీటీ చింపి ఇవ్వడం, కట్టనివాళ్ల సంగతి సూపర్‌వైజర్‌కు ఫోన్లో చెప్పడం. అతను వచ్చి వీల్ లాక్ వేస్తాడు. చక్రాన్ని పట్టుకునే ఇనుప బిగింపు అది, పడిందంటే బండి కదలదు.

వీధివాళ్లకు నెల పాసు ఉంది, కారు అద్దానికి అంటించే కాగితం. పాసున్నా చోటు మాత్రం ఎవరికీ రాసిపెట్టలేదు. ఆసుపత్రికొచ్చినవాళ్లు పొద్దున్నే ఇళ్ల ముందు నింపేస్తే, ఇంటివాళ్లు వీధి చివర వెతుక్కోవాలి. తిట్లు నాకు. "మా గుమ్మం ముందర మేం నిలపడానికి నీకు డబ్బులేందమ్మే?" అని రోజూ ఎవరో ఒకరు.

నాకు చదువు రాదు. కార్లను వాటికి కట్టిన దిష్టి వస్తువులతో గుర్తుపెట్టుకున్నాను. ముందర మిరపకాయలు కట్టింది టీచరమ్మది, వెనక పాత చెప్పు వేలాడేది పలకల వ్యాపారం చేసే ఖాసిం అన్నది. తప్పు అక్కడే జరిగింది.

ఆ రోజు వీధి చివర తెల్లకారు. చెప్పు లేదు. అద్దం మీది కాగితం ఎండకు వెలిసిపోయి, పాసో కాదో తెలియలేదు. డబ్బు కట్టని బయటివాళ్లదే అనుకుని ఫోన్ చేశాను. సూపర్‌వైజర్ వచ్చి లాక్ బిగించి, తాళంచెవి జేబులో వేసుకుని గిద్దలూరు పోయాడు.

పావుగంటకు ఖాసిం అన్న భార్యను నడిపించుకుంటూ వచ్చాడు. ఆమెకు ఒంగోలులో డయాలసిస్, అంటే యంత్రంతో రక్తం శుభ్రం చేయడం. వేళ దాటితే ఆ రోజు వంతు పోతుంది. అప్పటికే కాళ్లు వాచి ఉన్నాయి.

"ఏందక్కా ఇది? నా బండి నీకు తెల్దా?"

"వెనక చెప్పు లేదు కదన్నా!"

"తాడు తెగి మొన్న పడిపోయింది. చెప్పు పోతే నా బండి కాకుండా పోతాదా?"

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే "రెండు గంటలు పడతాది" అని పెట్టేశాడు. ఆమె ఎవరింటి మెట్ల మీదో కూలబడి, "ఏమయ్యా, ఆమె మీద అరవబాక. ముందు నేను పోయే దారి చూడు" అంది.

ఖాసిం అన్న చక్రం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బోల్టులు బయటికే ఉన్నాయి. "స్టెప్నీ ఉంది. లాక్ జోలికి పోవద్దు, చక్రాన్నే ఊడదీద్దాం" అన్నాడు. డిక్కీలోంచి ఆ అదనపు చక్రం దించాడు. జాకీ నేనే తిప్పాను. పని పోతుందని భయం, ఆమె ముఖం చూస్తే అంతకంటే భయం. చక్రం మారగానే వెళ్లిపోయారు.

సూపర్‌వైజర్ వచ్చేసరికి లాక్ పడిన చక్రం పక్కనే కూర్చుని ఉన్నాను.

"కారేదమ్మా?"

"ఒంగోలు పోయింది."

"లాక్ ఎవరు తీసినారు?"

"ఎవరూ తీయలే నాయనా. నువ్వు వేసిన చోటే ఉంది, చూసుకో."

పని ఉంచాడు గానీ వారం పాటు మాట్లాడలేదు. వంతు అందిందని సాయంత్రం ఖాసిం అన్న ఫోన్ చేసి చెప్పాడు. అయినా నాకు కుదురు లేదు. బండిని చూసి లెక్కేశాను తప్ప, దాని కోసం వచ్చే మనిషిని అనుకోలేదు. ఇప్పుడు ఏ బండి మీద అనుమానమొచ్చినా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు "ఇది ఎవరిదమ్మా?" అని అరుస్తూ తిరుగుతాను. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. ఎవరూ పలకకపోతే ఇంకోసారి అరిచాకే ఫోన్ తీస్తాను.