గేటు గొళ్ళెం మోగించే మా బావ

పోయిన నెల ఒక మధ్యాహ్నం పక్కింటి అక్క, మా బావ భార్య, కేకేసింది. నేను వెళ్ళేసరికే బావ లేడు. అన్నం తిని కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె.

మా ఇళ్ళు గోపాలపట్నంలో ఒకే గోడకు అటూ ఇటూ. చుట్టరికం ఏమీ లేదు. నేను బావా అన్నాను, ఆయనా బావా అన్నాడు, అంతే. మా వైపు ఈ పిలుపుకో వెసులుబాటుంది. సొంత తమ్ముడితో అనలేనిది బావతో అనొచ్చు, అతను ఏడిపించినా కోపం రాదు.

ఆ వెసులుబాటే నా కాపురం నిలబెట్టింది. సిగ్గు విడిచే చెబుతున్నాను. నలభై దాటాక పడకటింట్లో నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. అంగస్తంభన లోపమంటారని తర్వాత తెలిసింది. ప్లాంటులో షిఫ్టుల అలసట అనుకున్నాను. తన మీద మనసు విరిగిందనుకుని నా భార్య ముందుగదిలో చాప వేసుకుంది. నేను నోరు విప్పలేదు సరికదా, ఆనందపురం జంక్షన్లో గుడారం వైద్యుడి దగ్గర లేహ్యం కొని, దగ్గు మందని ఇంట్లో చెప్పాను.

ఆ డబ్బా బావ కంట పడింది. పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి ఆగి, పక్కన కూర్చున్నాడు.

"నానూ ఇదే తిన్నాను బావా. తర్వాత గుండెపోటొచ్చింది. సన్న రక్తనాళాలు ముందు పూడిపోతాయంట, గుండెవి ఆనక. ఒళ్ళు ముందే సెప్పింది, నానే సిగ్గుపడి ఊరుకున్నాను. నువ్వూరుకోకు."

భార్యను కూడా తీసుకెళ్ళమని పట్టుబట్టింది ఆయనే. డాక్టరు నిద్ర, సిగరెట్లు, దిగుళ్ళు, వాడే మందులు అన్నీ అడిగి రక్తం పరీక్ష రాశారు. షుగరు బాగా పెరిగి ఉంది. అది విని నా భార్య అక్కడే ఏడ్చేసింది. జబ్బని తెలిసి ఊరట పడి ఏడ్చిన మనిషిని అప్పుడే చూశాను.

షుగరు మందు, సిగరెట్లు మానడం, రోజూ నడక, ఆపైన డాక్టరు రాసిచ్చిన మాత్ర. బావ గుండెకు వాడే మందుతో ఆ మాత్ర కలిస్తే ప్రాణానికే ముప్పట. "మాత్ర నీకు, నడక ఇద్దరికీ," అన్నాడు నవ్వుతూ. ఆ మర్నాటి నుంచి తెల్లారగానే మా గేటు గొళ్ళెం టకటకలాడించేవాడు. బద్ధకిస్తే వీధంతా వినేలా నన్ను పెళ్ళికొడుకా అని పిలిచేవాడు. గుణం కనబడడానికి నెలలు పట్టింది. చాప ఎప్పుడు అటకెక్కిందో నేను అడగలేదు.

నన్ను ముందే హెచ్చరించిన మనిషికి తన విషయంలో ఆలస్యమైపోయింది.

కర్మ అయిన మర్నాడు తెల్లారి గొళ్ళెం మోగింది. ఉలిక్కిపడి బయటికొచ్చాను. గేటు దగ్గర నా భార్య, చీరలోనే, కాళ్ళకు నా పాత షూ వేసుకుని.

"అన్నియ్య లేడని మానేత్తారేటి? నడండి."