అమ్మనడిగి వెళ్లాలి

బట్టలు కుట్టే ఆ తల్లికి ఒక కన్ను మిషను సూది మీద, ఇంకో కన్ను గేటు మీద. ఇరవయ్యేళ్ల కూతురిది పుట్టుకతో వచ్చిన అరుదైన జన్యులోపమనీ, దానివల్ల ఆమెకు కొత్తవాళ్లంటే బెరుకు ఉండదనీ డాక్టరు చెప్పినప్పటి నుంచి, కూతురు పడాల్సిన అనుమానం కూడా తల్లే పడుతోంది. పాలవాడు నవ్వినా మిషను తొక్కే కాలు ఆగిపోతుంది. "ఎవరు రమ్మన్నా ముందు అమ్మనడగాలి" అని కూతురి చేత రోజూ వల్లె వేయిస్తుంది.

ఆ మధ్యాహ్నం కూతురు ఎవరో నడివయసాయన్ని చెయ్యి పట్టుకుని నేరుగా మిషను దగ్గరికే తీసుకొచ్చింది.

"అమ్మా, ఈయనతో వెళ్లనా?"

తల్లి కత్తెర అందుకుంది.

"పోస్టాఫీసుకి దారి చూపిస్తావా అన్నానంతేనమ్మా" అన్నాడాయన, కత్తెర వంకే చూస్తూ.

కూతురు ఆయనకు కుర్చీ జరిపింది.

"భయపడకండి అంకుల్. మా అమ్మ కూడా మంచిదే."